ఉప్పు బస్తా

జగ్గయ్యపేటలో ఇంటి ముందుగదిలోనే కిరాణా కొట్టు నడిపే అచ్చయ్యకి సముద్రమంటే ప్రాణం. ఏటా కార్తీక పున్నమికి బందరు దగ్గర మంగినపూడి వెళ్తే పెదాలు నీలంగా మారేదాకా నీళ్లలోంచి రాడు. వేదాద్రిలో కృష్ణ స్నానం చేసినా, లేచి నోరు చప్పరించి, "చప్పగా ఉందండీ" అని పూజారిగారికే చెప్పేస్తాడు. మిగతా ఏడాదంతా అతని సముద్రం కొట్టు అరుగు మీది కల్లుప్పు బస్తా. ప్యాకెట్ల ఉప్పు వచ్చాక కూడా దాన్ని తియ్యలేదు. ఉప్పు ఎవరూ ఎత్తుకుపోరు కాబట్టి రాత్రిళ్లూ అక్కడే ఉంటుంది. పొద్దున్నే లేచి, చొక్కా అయినా తొడుక్కోకుండా, బస్తా అడుగున అరచెయ్యి ఆనిస్తాడు. తడి తగిలిందా, మొహం వెలిగిపోతుంది. "బందరు గాలి వచ్చిందోయ్!" అని వీధంతా వినపడేలా అరుస్తాడు. ఆ రోజు బేరాలకొచ్చినవాళ్లకి పప్పు ఓ గుప్పెడు ఎక్కువే పడుతుంది.

తొంభై ఎనిమిది మాఘంలో భార్య సీతారావమ్మ, చెల్లెలి కూతురు ప్రసవించిందని నందిగామ వెళ్లి నాలుగు రోజులుంది. నాలుగు రోజులూ బస్తా పొడిపొడిగానే ఉంది. అచ్చయ్యకి అన్నం సయించలేదు. కందిపప్పు అడిగినవాళ్లకి పెసరపప్పు కట్టిచ్చాడు. ఆమె గుమ్మంలో కాలు పెట్టీపెట్టగానే, "సముద్రం అలిగిందే" అన్నాడు, ఇంట్లో మనిషెవరో అలిగినట్టు. సీతారావమ్మ నవ్వాపుకుని లోపలికెళ్లింది.

మర్నాడు అతను లేవకముందే వాకిట్లో నీళ్లు చల్లింది. ఇన్నేళ్లూ బస్తా మీద పడింది ఆ చిందిన నీళ్లే. ఈసారి మాత్రం చెంబు వంచి, బస్తా అడుగున పనిగట్టుకుని ఇంకో దోసెడు పోసింది.

కాసేపటికి అరుగు మీంచి కేక వినపడింది. "ఏమేవ్, వచ్చిందే!"

"రాకెక్కడికి పోతుందిలెండి" అంది సీతారావమ్మ, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ.