భట్టీ బదులు డివిడెండ్

అరవై తొమ్మిది ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ ఏడాది కాలేజీలు మూతబడ్డాయి. పరీక్షల్లేవు, పనీ లేదు. ఊరికే తిని కూర్చుంటున్నానని మా చిన్నాయన నన్ను తను పనిచేసే బిస్కెట్ల ఫ్యాక్టరీలో గుమస్తాగా పెట్టించాడు. సరూర్‌నగర్ చెరువు దాటాక, ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న వైపు, జొన్న చేల మధ్య ఉండేదది. నల్లగొండ నుంచి వచ్చినప్పటి నుంచీ చిన్నాయన అక్కడ బిస్కెట్లు కాల్చే భట్టీకి మేస్త్రి.

మా సేఠ్ బోనస్ నగదుగా ఇచ్చేవాడు కాదు, కంపెనీ షేర్లు ఇచ్చేవాడు. "మీరు గూడ మాలికులే" అనేవాడు. ఎంత మురిసిపోయారో అందరూ! చిన్నాయన అయితే తోటివాళ్లు అమ్ముకుంటామన్న షేర్లు కూడా కొన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్లాటు కొందామని చిన్నమ్మ పోరుపెడితే "ప్లాటు బిస్కెట్లు చేస్తదా?" అని నోరు మూయించాడు. ఉన్నదంతా ఆ కాగితాల్లోనే పెట్టాడు. నా పేరు మీద కూడా రెండు రాయించాడు.

ఏడాదికోసారి వాటాదారుల మీటింగు. అక్కడివాళ్లకది పెళ్లి విందే. బిర్యానీ, డబల్ కా మీఠా తిన్నాక చేతులెత్తాలి. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒక్క చెయ్యే లెక్క. పనివాళ్లే ఎక్కువమంది. అయినా ఏనాడూ సేఠ్ మాట కాదనలేదు. తిన్న నోటితో ఎట్లా కాదంటారు?

ఆసారి మాత్రం చిన్నాయన లేచాడు.

"సేఠ్, భట్టీ పగుళ్లిచ్చింది. బిస్కెట్లు ఒక దిక్కు మాడుతున్నయ్, ఒక దిక్కు పచ్చిగుంటున్నయ్. గీసారి లాభం పంచకుండ్రి. కొత్త భట్టీ పెడదాం."

సేఠ్ నవ్వాడు. "బయట హాలత్ చూస్తున్నరు గద. రోజుకో బంద్. గిట్లాంటప్పుడు ఎవడన్న పైసలు భట్టీల పోస్తడా? ఎవరి పైసలు వాళ్ల జేబుల ఉండాలె."

"బంద్‌లు ఇయ్యాల ఉంటయ్, రేపు పోతయ్. భట్టీ పోతే మనమంత పోతం."

సేఠ్ నా వంక తిరిగాడు. "చదువుకున్నోనివి, నువ్వు చెప్పు."

నేను చెయ్యెత్తాను. డివిడెండ్‌కే. చిన్నాయన నిలబడి చూస్తుండగానే. టెరిలిన్ ప్యాంటు కుట్టించుకోవాలని మనసులో పడింది, అంతే. ఇంతకన్నా గొప్ప కారణమేదైనా చెప్పుకుందామని ఇన్నేళ్లూ వెతికాను, దొరకలేదు. నన్ను చూసి మిగతావాళ్లూ ఎత్తారు.

షేర్లు చాలావరకు సేఠ్‌వే కాబట్టి, పంచిన లాభంలో పెద్ద ముద్ద ఆయనకే పోయింది. మాకు బట్టలొచ్చాయి. ఆయనకు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద జాగా వచ్చింది. ఇంత చిన్న సంగతి డిగ్రీ వెలగబెడుతున్న నా బుర్రకు తట్టలేదు! మరుసటి ఏడూ అదే విందు, అవే చేతులు. చిన్నాయన పగుళ్లకు మట్టి మెత్తుకుంటూ భట్టీని నెట్టుకొచ్చాడు.

బంద్‌లు ఆగి దుకాణాలు తెరుచుకున్నాయి. గిరాకీ పెరిగింది గానీ, మా మాడు బిస్కెట్లు ఎవరికి కావాలి? ఆ గొడవల్లోనే ధైర్యం చేసి కొత్త భట్టీ పెట్టుకున్న ఇంకో కంపెనీ మా దుకాణదారులందరినీ లాగేసుకుంది. ఒకరోజు మా భట్టీ కప్పు కూలింది. సేఠ్ బాగు చేయించలేదు, గేటుకు తాళం వేశాడు. చిన్నాయన షేర్ల కట్ట పట్టుకుని వెళ్తే "ఇప్పుడు కంపెనీల ఏమున్నది?" అన్నాడు. నిజమే, ఏమీ లేదు. ఉన్నదంతా మేమే పంచేయమన్నాం.

కొన్నేళ్లకు ఆ దిల్‌సుఖ్‌నగర్ జాగాలో సేఠ్ కట్టించిన దుకాణాల ముందు చిన్నాయన ఖాకీ చొక్కాతో కనిపించాడు. అక్కడ వాచ్‌మన్‌గా కుదిరాడని నాకు ముందే తెలుసు. ఆ దారిన పోకుండా తప్పించుకు తిరిగాను, ఆ రోజు దొరికిపోయాను. సిగ్గుతో చచ్చిపోతూ "తప్పు నాదే చిన్నాయనా" అన్నాను.

"జర కూసో" అని మెట్టు మీద పక్కకు జరిగి, వెనకున్న దుకాణాల వరస చూపించాడు. "మన కొత్త భట్టీ గిదేరా. మంచిగ నడుస్తున్నది. నెలనెలా కిరాయి వస్తది, సేఠ్‌కు."