జున్నును మెచ్చుకోబోయి

ఒక కుక్కపిల్లను మెచ్చుకోవడం చేతకాక ఇంట్లో పరువు, వీధిలో పేరు, చివరికి ఆ కుక్కపిల్లనే పోగొట్టుకున్న మనిషి ఉంటుందా అని మీకు అనుమానం రావచ్చు. ఉంది. టీ చల్లారబెట్టుకుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆవిడే. ఈ కథ చుట్టాలకు, కొట్టుకు వచ్చినవాళ్ళకు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఒకసారి రాసి పడేస్తే, అడిగినవాళ్ళ చేతిలో కాగితం పెట్టి నా మానాన నేను చీరలు మడత పెట్టుకోవచ్చు.

నేను బందరులో బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. నాన్న నాకు అక్షరాలకన్నా ముందు మొహం నేర్పాడు. పెడన వెళ్ళి కలంకారీ గుడ్డ కొనేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. అద్దకం చూసి నేను "అబ్బ!" అన్నానో, తొడ మీద గిల్లేవాడు.

"నచ్చిన సరుకును చూసి పళ్ళికిలిస్తే అమ్మేవాడు నెత్తెక్కుతాడే. మొహం చిట్లించు. పెడచేత్తో అవతలికి తొయ్యి. వంకలు పెట్టు. లేచి మాత్రం రాకు."

ఇది కొనేటప్పటి పాఠం. అమ్మేటప్పటి పాఠం వేరు. నలభై చీరలు విప్పించి, ఒక్కటీ కొనకుండా లేచిపోయే మనిషిని చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వాలి. "పర్లేదండీ, మళ్ళీ రండి!" లోపల ఏం తిట్టుకుంటున్నామో దేవుడికి తెలిస్తే చాలు.

ఈ రెండు పాఠాలూ నా మొహంలో గోరింటాకులా పండిపోయాయి. పెళ్ళిచూపుల్లో మా ఆయన నాకెంత నచ్చారంటే, నన్ను చూసి మా అత్తగారు "అమ్మాయికి కడుపులో నొప్పేమో, కాస్త వాము ఇవ్వండి" అన్నారు.

ఇక కుక్క సంగతి. ఘంటసాలలో శివయ్య గారనే రైతు ఇంట్లో కుక్కపిల్లలున్నాయంటే, ఆదివారం పూట మా ఆయన్ని లాక్కుని వెళ్ళాను. నాలుగు గోధుమరంగువి, ఒకటి తెల్లటిది. ఆ తెల్లదాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. వెంటనే మొహం చిట్లించాను.

"ఏంటండీ ఇది, ఒక చెవి పైకి, ఒక చెవి కిందికీ?"

"నెమ్మదైన పిల్లమ్మా. పక్కన ట్రాక్టరు స్టార్ట్ చేసినా కదలదు."

"కదలకపోతే ఇంటికి కాపలా ఏం కాస్తుంది? ముక్కు మీద ఆ మచ్చొకటి!" అంటూ పెడచేత్తో తోశాను.

బేరం నేననుకున్న చోటికే దిగింది. పైగా నేను నోరు తెరవకముందే ఆయన ఒక అరటికాయల గెల తెచ్చి కొసరుగా ఆటోలో పెట్టాడు. అడక్కుండా కొసరు వచ్చిందంటే సరుకులో ఏదో ఉందని, కొట్టులో పెరిగినదానికి తట్టొద్దూ? తట్టలేదు. వారం రోజులు అరటికాయ వేపుడు తింటూ నా తెలివికి నేనే మురిసిపోయాను. కుక్కపిల్లకు జున్ను అని పేరు పెట్టాం. ఆ పేరు అది ఇప్పటిదాకా వినలేదు.

ఎంత పిలిచినా పలకడం లేదని తీసుకెళ్తే, పశువుల డాక్టరు గారు దాని వెనక స్టీలు పళ్ళెం కింద పడేశారు. నేనూ మా ఆయనా ఎగిరిపడ్డాం. జున్ను ఆవలించింది.

"ట్రాక్టరుకు కదలకపోవడం నెమ్మదితనం కాదమ్మా, చెవుడు," అన్నారాయన.

"మరి దీనికి మంచీ చెడూ ఎలా చెప్పాలండీ?"

"మీ మొహమే దానికి మాట. మంచి పని చేస్తే మీ మనసులో ఉన్న మెప్పు మొహంలో కనిపించాలి. చేత్తో ఒక గుర్తు చూపించాలి. వెంటనే ఏదన్నా తినిపించాలి. ఎప్పుడూ అదే మొహం, అదే గుర్తు. మార్చకండి."

మొహంతో వ్యాపారం చేసినదాన్ని, నాకిదొక లెక్కా అనుకున్నాను.

అయితే మా మీద ఇంకొక పెద్ద ప్రాణి ఉంది. మేడ మీద ఉండే ఇంటి ఓనరు భ్రమరాంబ గారు. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. కనుబొమలు ముడిపడే పుట్టాయేమో, విడిగా ఎవరూ చూడలేదు. కుక్కను చూడగానే మెట్ల మీది నుంచే తీర్పు చెప్పేశారు.

"నెల రోజులు చూస్తాను సుజాతా. క్రమశిక్షణ నేర్పావా, సరే. నా మీద పడిందో, ఆ రోజే దాని సామాను సర్దెయ్."

నెల రోజులు! అప్పటికే జున్ను నా పాదాల మీద తల పెట్టుకుని తప్ప నిద్రపోవడం లేదు. దాన్ని తిరిగి పంపేయడమంటే నా వల్లయ్యే పని కాదు. ఆ రోజు నుంచే చదువు మొదలుపెట్టాను.

చాప మీద కూర్చోవడం నేర్పాను. కూర్చుంది. నా గుండె ఉప్పొంగింది. ఆ ఉప్పొంగిన గుండె అలవాటు ప్రకారం నా మొహాన్ని చిట్లించింది. చెయ్యి దానంతటదే పెడచెయ్యి అయి అవతలికి విదిల్చింది. రెండో చేత్తో బిస్కెట్టు పెట్టాను. జున్ను తోక గిరగిరా తిరిగింది.

చెప్పు కొరికింది. కోపం నషాళానికంటింది. నలభై చీరలు విప్పించిన మనిషిని చూసినట్టు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి, తీసుకెళ్ళి బాత్రూంలో పెట్టి పది నిమిషాలు తలుపేశాను.

మా ఆయన పేపరు దించి అడిగారు. "ఇందాక దాన్ని తిట్టావా, మెచ్చుకున్నావా?"

"మెచ్చుకున్నా. కనపడలేదా?"

"కనపడింది. అందుకే అడుగుతున్నా. ఒక్కసారి అద్దంలో చూసుకోరాదూ?"

"మీకు పెళ్ళిచూపుల్లోనే అర్థం కాలేదు, ఇప్పుడేం అర్థమవుతుంది! దాని తోక చూడండి, ఎంత చక్కగా అర్థం చేసుకుంటోందో."

నిజమే, అది చక్కగానే అర్థం చేసుకుంది. మనిషి మొహం ముడిస్తే ప్రేమ. పెడచేత్తో తోస్తే రమ్మని. నవ్వితే బాత్రూం.

పరీక్ష రోజు రానే వచ్చింది. జున్నుకు స్నానం చేయించి చాప మీద కూర్చోబెట్టాను. భ్రమరాంబ గారు గంజి పెట్టిన తెల్లటి నేతచీర ఫెళఫెళలాడుతుండగా దిగివచ్చారు. గుమ్మంలో నిలబడి జున్నును చూసి, పుట్టుకతో వచ్చిన ఆ కనుబొమల్ని ఇంకో రెండు మడతలు ముడిచి, పెడచెయ్యి విదిలించారు.

"దాన్ని అక్కడే ఉండమను. దగ్గరికి రానివ్వకు."

నెల రోజులుగా నేను అరకొరగా చూపించిన ప్రేమ, కొండంత రూపం దాల్చి గుమ్మంలో నిలబడితే ఏ ప్రాణి ఆగుతుంది? జున్ను చాప మీద నుంచి లేచి రాకెట్టులా వెళ్ళి ఆవిడ చీర మీద పడింది. ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. గంజి చీర అప్పడంలా నలిగిపోయింది.

"సుజాతా! తియ్! తియ్ దీన్ని!" అంటూ ఆవిడ రెండు చేతులా తోస్తున్నారు. అది ఆ చేతుల్ని ఆనందంతో నాకేస్తోంది.

భయమేస్తే నాకు కొట్టు నవ్వే వస్తుంది. "పర్లేదండీ, చిన్నపిల్ల కదండీ, హిహి..." అని పళ్ళన్నీ బయటపెట్టాను. జున్ను నా వైపు చూసింది. నవ్వు! ఒక్క గెంతులో ఆవిడ ఒడిలోకెక్కి, చీర కొంగులో తల దాచుకుని వణకడం మొదలుపెట్టింది.

భ్రమరాంబ గారు నన్ను ఎగాదిగా చూశారు. "నిన్ను చూసి ఇది ఇలా వణుకుతోందేమిటి? కొడుతున్నావా?"

"అయ్యయ్యో! ప్రాణంలా చూసుకుంటున్నానండీ," అని ఇంకొంచెం నవ్వాను. అది ఇంకొంచెం లోపలికి దూరింది.

"ముందు నువ్వు ఆ నవ్వు ఆపు!"

మా ఆయన నా చెవి దగ్గర గొణిగారు. "చిట్లించు. మొహం చిట్లించు!"

చిట్లించాను. జున్ను ఆశగా తల బయటికి పెట్టి, దిగబోయింది. అప్పుడే ఆవిడ "ఎక్కడికి?" అని కనుబొమలు ముడిచారు. అంతే, మళ్ళీ ఒళ్ళోకి. నా చిట్లింపు ఆదివారం పెడన వెళ్ళినప్పుడు వాడేది. ఆవిడది ఉద్యోగమంతా రోజూ సానబెట్టింది. పోటీ ఎక్కడిది?

గంట సేపు ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుని దానికి వంకలు పెట్టారు.

"చెవుడు. బొచ్చు రాలుతోంది. ఒక చెవి పైకి, ఒకటి కిందికి. ముక్కు మీద ఈ మచ్చొకటి. ఎవరు భరిస్తారు దీన్ని?"

నేను బతిమాలుకున్నాను. "ఇంకొక్క వారం..."

"కుదరదు. నీ దగ్గర ఇది బాగుపడదు. మేడ మీద నా కళ్ళ ముందుంటే ఏమన్నా దారికొస్తుందేమో చూడాలి. నాకేం సరదా కాదు."

ఘంటసాలకు పంపక్కర్లేదన్న సంతోషంలో "మీ దయ అండీ!" అని దండం పెట్టాను. దాని చాప, గిన్నె, బిస్కెట్ల డబ్బా, బంతి అన్నీ మా ఆయన చేత మేడ మీదికి మోయించాను. ఆవిడ ఏదీ అడగలేదు. నేనే ఇచ్చాను.

మూడో రోజు కొట్టులో ఒకావిడ నెమలికంఠం రంగు చీరకు వంకలు పెడుతూ, మొహం చిట్లించి తోస్తూ, లేవకుండా కూర్చుంది. నాకు ఫక్కున నవ్వొచ్చింది. ఈవిడ తీసుకోకుండా కదలదని నాకు తెలుసు. ఆ మరుక్షణం చేతిలో చీర జారిపోయింది. చెవికి వంక, ముక్కుకు వంక, పెడచేత్తో తోపుడు, గంట సేపు లేవకపోవడం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను చేస్తున్న పనే! సరుకు మీద మనసు పడిన మనిషి నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని, నా కుక్కను బేరమాడి తీసుకెళ్తే, నేను గుర్తుపట్టలేదు సరికదా, అడక్కుండా కొసరు కూడా మోయించాను.

ఇప్పటికీ రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చేసరికి మేడ మీది కటకటాల సందుల్లోంచి జున్ను ముక్కు కనిపిస్తుంది. వీధిలో నిలబడి, గుండెల్లో ఉన్నదంతా మొహంలోకి తెచ్చి చిట్లిస్తాను. పెడచేత్తో అవతలికి తోస్తాను. దాని తోక తిరిగే జోరుకు ఒళ్ళంతా ఊగిపోతుంది. మొన్న పూలమ్మే ఆవిడ ఆగి, "ఏంటమ్మా, మూగజీవాన్ని రోజూ అలా కసురుకుంటావ్? ఏం పాపం చేసింది?" అంది. ఏమని చెప్పను? ఓపిక లేదు.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. మోపిదేవి స్వామి సాక్షిగా, ఇక ఈ జన్మలో నచ్చినదాన్ని చూసి మొహం చిట్లించను. జున్నుకు మాత్రం మినహాయింపు, దానికి ఇప్పుడు కొత్త భాష నేర్పే శక్తి నాకు లేదు. నచ్చితే నచ్చిందని నిండుగా నవ్వుతాను.

ఒట్టును ఇంట్లోనే మొదలుపెడదామని, అలిసిపోయి వచ్చిన నాకు కాఫీ కలిపి తెచ్చిన మా ఆయన్ని చూసి మనసారా నవ్వాను. ఆయన కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏం తప్పు చేశానే? బాత్రూంలోకి నన్నే వెళ్ళమంటావా, నువ్వు తీసుకెళ్తావా?"