మల్లేశం దించిన స్విచ్

2023 మార్చి. న్యూక్లియర్ సైంటిస్టుగా ఇరవై రెండేళ్లు రియాక్టర్‌లో పనిచేసి, డిప్యుటేషన్ మీద విద్యుత్ భద్రతా విభాగానికి వచ్చి అప్పటికి రెండేళ్లు. కరెంటు ప్రమాదాల మీద రిపోర్టులు రాయడం నా పని. సొంతూరు కోరుట్ల కాబట్టి జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలను అడిగి మరీ తీసుకున్నాను. ఏ ఫైలు చూసినా తప్పు బాధితుడిదే అని ఉండేది; ఏడాది తిరక్కుండానే అలసిపోయాను.

రాయికల్ దగ్గరి ఒక ఊళ్లో మల్లేశం అనే గీత కార్మికుడు పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫ్యూజు వేయబోయి షాక్ తిన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. అక్కడి ఇంజనీరు రిపోర్టు ముందే టైప్ చేయించాడు: "బాధితుడి సొంత నిర్లక్ష్యం." నేను సంతకం పెడితే అయిపోతుంది. మనసొప్పక మల్లేశం ఇంటికి వెళ్లాను.

"లైన్‌మెన్‌ను పిలువలేదా?" అనడిగాను.

"రెండు రోజులు ఫోన్ చేసిన సారూ. ఆయనకు ఏడూర్లు. వరి పొట్టకచ్చింది, ఎండుతాంది."

"ఏబీ స్విచ్ దించినవా?" ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే మీట అది. పిడి కిందికి లాగితే పైన మూడు బ్లేడ్లు తెరుచుకోవాలి.

"దించిన. మోటర్లు బందైనయ్. పైకి గూడ చూసిన గని, ఎండ కండ్లల్ల కొట్టింది."

భార్య లచ్చవ్వ గడపలో నిలబడి అంది. "తప్పంత ఈయనదే అని రాసిన్రంట గద సారూ?"

మల్లేశం తల దించుకున్నాడు. "చెయ్యి పోతే పోయింది. తెలివిలేక ముట్టుకున్నడని మాత్రం రాయకున్రి. ఇరువై ఏండ్లసంది తాటిచెట్లెక్కుతున్న. మోకు చూసుకోకుంట ఒక్కనాడు ఎక్కలే."

లైను ఆపించి, నిచ్చెన తెప్పించి నేనే ఎక్కాను. కింద పిడి లాగిస్తే రెండు బ్లేడ్లు తెరుచుకున్నాయి. మూడోది తుప్పుపట్టి అతుక్కుపోయింది; ఆ రోజు మోటర్లు ఆగినా ఆ ఒక్క తీగలో కరెంటు ఉండిపోయిందన్నమాట.

రియాక్టర్‌లో పర్మిట్ టు వర్క్ అని ఉండేది. కరెంటు ఆగిందని ఒకరు పరీక్షించి సంతకం చేస్తేగానీ ఇంకొకరు బోల్టు ముట్టరు. ఒకసారి నేను హెచ్చరిక ట్యాగ్ కట్టడం మరిచిపోతే సీనియర్ నన్ను తిట్టలేదు. "మనిషన్నాక మరిచిపోతాడు. మరిచినా ప్రాణం పోకుండా మనమేం ఏర్పాటు చేశాం?" అన్నాడు. మల్లేశం మరిచిపోలేదు కూడా.

స్విచ్ పాడైందని రాసి పంపాను. పై అధికారి ఫోన్ చేశాడు. "ఒక్క స్విచ్ సంగతి రాస్తే అన్నిటి సంగతీ అడుగుతారయ్యా." ఫైలు రెండుసార్లు తిరిగొచ్చింది. నాలుగు నెలల తర్వాత "సాంకేతిక లోపం వల్ల" అన్న మాట దగ్గర ఆగింది. నేను రాసినదానిలో మిగిలింది అంతే. ఆ ఒక్క స్విచ్ మార్చారు.

ఆ కాగితం తీసుకెళ్లి మల్లేశానికి చదివి వినిపించాను.

"నా తప్పని ఏడ లేదు గద?"

"లేదు."

"గది చాలు సారూ," అన్నాడు.

ఆయనకు చాలింది. నాకు చాలలేదు. అప్పటి నుంచి ఏ ప్రమాదానికి వెళ్లినా, మనిషి ఏం చేశాడని అడిగే ముందు నిచ్చెన అడుగుతున్నాను. మోకాళ్లు నొప్పి పెడుతున్నా ఎక్కి చూసి వచ్చాకే కాగితం తీస్తున్నాను.