చంద్రుడు ఎన్ని టన్నులు

రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ మాస్టారు ఒక గ్రహాన్ని తూసేవారు. సబ్బు నురగలోంచే పెదవులు కదుపుతూ, "కుజుడు. అరవై నాలుగు పక్కన ఇరవై రెండు సున్నాలు, కిలోలు. మూడు తీసెయ్. పంతొమ్మిది సున్నాలు, టన్నులు" అనుకునేవారు. లెక్క కుదిరితే తల ఇంకా తన అదుపులోనే ఉందని ధైర్యం. కుర్రతనంలో ఆ తల తిన్న గుద్దులు తక్కువేం కాదు మరి.

ఆయన బాక్సింగ్ నేర్పే హాలు ఒకప్పుడు బళ్లో సైన్సు గది. బడి పోయింది, గోడ మీద గ్రహాల పటం మిగిలింది. అందులో బరువులన్నీ భూమితో పోల్చి రాశారు. గురుడంటే మూడు వందల పద్దెనిమిది భూములట. "భూముల్లో చెబితే ఎవడికి తెలుస్తుంది?" అని ఆయన వాటిని కిలోల్లోకి దించి, అక్కణ్ణించి టన్నుల్లోకి మార్చారు. ఆ హాల్లో అందరికీ తెలిసిన భాష కిలోలే. అర కిలో ఎక్కువ తూగితే పోటీలోంచి గెంటేస్తారు.

ఈ లెక్కలు సరదాకి పుట్టినవి కావు. రౌండుకీ రౌండుకీ మధ్య దెబ్బలు తిన్నవాణ్ణి "ఎలా ఉంది" అని అడిగితే ఎవడైనా "బానే ఉంది" అంటాడు. మాస్టారి అన్నగారూ అదే అన్నాడు. తమ్ముడు నమ్మి, భుజం తట్టి పంపాడు. ఆ రౌండులో కణత మీద పడిన గుద్దుకి అన్నగారు నేల మీదికి ఒరిగాడు, మళ్లీ లేవలేదు. అప్పట్నుంచి మాస్టారు ఎవరినీ ఎలా ఉందని అడగలేదు. ఒక గ్రహం పేరు చెప్పి టన్నులు అడిగేవారు. చెప్పగలిగితే బరిలోకి, తడబడితే ఇంటికి.

అన్నగారి కూతుళ్లిద్దరినీ ఆయనే పెంచారు. పెద్దది బట్టలు కుట్టేది, పోటీల్లో నీళ్ల సీసా పట్టుకునేది. చిన్నది గుద్దులాటకే పుట్టినట్టుండేది.

ఎంపిక పోటీ రోజున బరిలో చిన్నదాని ఎదురుగా ఉన్నామెను అందరూ రోకలి అంటారు. గెలిచినవాళ్లకి దేశం జట్టులో చోటు. మొదటి రౌండంతా చిన్నదానిదే. రోకలి పెదవి చిట్లింది, ముక్కులోంచి రక్తం గడ్డం మీదుగా ఛాతీ మీదికి కారింది. రెండో రౌండు సగంలో రోకలి కిందికి వంగి, పక్కటెముకల మీద రెండు దంచి, చిన్నది ముడుచుకోగానే చెవి మీద బలంకొద్దీ ఒకటి వేసింది. ఆ చప్పుడు వెనక బల్లల దాకా వినిపించింది. చిన్నది మోకాలి మీదికి జారి, తాడు పట్టుకుని లేచింది. గంట కొట్టారు.

"చంద్రుడు?" అన్నారు మాస్టారు, మూలలో స్టూలు మీద కూలబడ్డ పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని.

"ఏడు పక్కన పంతొమ్మిది సున్నాలు, టన్నులు."

"నా తల్లే. పో, దాని పని చూడు."

అవతలి మూలలోంచి రోకలి కోచ్ నవ్వాడు. "మాస్టారూ, లెక్కలు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు దాన్ని చేతులు పైకెత్తమనండి."

వాడన్నది నిజమే. మూడో రౌండులో చిన్నది చేతులెత్తలేదు. రోకలి తీరిగ్గా కొట్టింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. కనుబొమ మీద చర్మం విచ్చుకుంది. దెబ్బ పడ్డప్పుడల్లా రక్తపు తుంపర రిఫరీ తెల్ల చొక్కా మీద చిందింది. ఒక్కటంటే ఒక్కటి, ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు, చిన్నదాని కుడిచెయ్యి లేచి రోకలిని తాళ్ల మీదికి విసిరేసింది. జనం గోల పెట్టారు. మొదటి రౌండు పుణ్యమా అని పాయింట్లలో ఇంకా చిన్నదే ముందుంది.

"చంద్రుడు?" అని మళ్లీ అడిగారు మాస్టారు.

"ఏడు పక్కన పంతొమ్మిది సున్నాలు, టన్నులు." తడబాటు లేదు.

"విన్నావుగా, బుర్ర బానే ఉంది. ఇంకొక్క రౌండు," అన్నారాయన పెద్దదానితో.

పెద్దది సీసా కింద పెట్టింది. "చిన్నాన్నా, అది ఇప్పుడు నన్ను ఎవరు నువ్వు అంది."

"దెబ్బల్లో ఏదో అని ఉంటుంది లేవే. లెక్క చెప్పింది కదా."

"లెక్కెక్కడ చెప్పింది? చిన్నప్పట్నుంచీ రోజూ అడుగుతున్నావు, నిద్రలో లేపినా అంటుంది. ఏదీ, ఇటు చూడవే. సగం చంద్రుడు ఎన్ని టన్నులు?"

చిన్నది అక్క వైపు కాక, దీపం వైపు చూసింది. "ఏడు పక్కన పంతొమ్మిది సున్నాలు."

ఇన్నేళ్లూ తను పరీక్ష పెడుతున్నాననుకున్నారు మాస్టారు. పెట్టింది పరీక్ష కాదు, పాఠం. అది నోటికి వచ్చేసింది, నోటికి బుర్రతో పనిలేదు.

గంట కొట్టారు. చిన్నది లేచి నడిచింది, రోకలి వైపు కాదు, మూలనున్న గుంజ వైపు. రోకలి పిడికిలి బిగించి మీదికొచ్చింది. ఆట ఆపమని తువ్వాలు విసిరితే అది గాల్లో ఉండగానే ఆలస్యమవుతుందని మాస్టారు తాళ్ల మధ్య నుంచి దూరి మధ్యలో నిలబడ్డారు. రోకలి ఆగింది. చిన్నది ఆగలేదు, వెనక్కి తిరిగి ఆయన మీద పడింది. ఎదురుగా ఉన్నదెవరో దానికి తెలియదు. దవడ మీద ఒకటి, నోటి మీద ఒకటి, కింద పడ్డాక మీదికి వంగి ఇంకొకటి. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. దాని రెండు కాళ్లూ గట్టిగా వాటేసుకుని, పళ్లూ రక్తమూ ఉమ్మేస్తూ, "అయిపోయిందమ్మా, ఇంటికెళ్దాం" అంటూనే ఉన్నారు, రిఫరీ వచ్చి విడదీసేదాకా.

ఆసుపత్రిలో పుర్రె తెరిచి గడ్డకట్టిన రక్తం తీశారు. ఇంకో రౌండు ఆడి ఉంటే తీయడానికి ఏమీ ఉండేది కాదన్నాడు డాక్టరు. కట్లు విప్పాక చిన్నది అడిగిన మొదటి మాట, "గెలిచేదాన్ని ఎందుకు ఆపావు?" నోటి నిండా కుట్లతో ఉన్న ఆయన దాని దుప్పటి సర్దారు. చాలా కాలం అది ఆయనతో మాట్లాడలేదు.

చిన్నది ఇప్పుడు బస్సు డిపోలో టికెట్లు అమ్ముతుంది. ఎడమ చెవి వినిపించదు. మాస్టారు దాని ఇంట్లోనే ముందు గదిలో ఉంటారు, కుడివైపు పళ్లతోనే నములుతారు.