బెల్లంపల్లి పాస్టర్లకు సెలవు నేర్పబోయి

అలసిపోయిన పాస్టర్లకు విశ్రాంతి తీసుకోవడం నేర్పడానికి పీటర్ గారు న్యూజిలాండ్ నుంచి కరీంనగర్ దాకా వచ్చారు. నేను రిటైరైన ఇంగ్లిషు టీచర్ని కాబట్టి ఆయన మాటల్ని తెలుగులో చెప్పే పని నా మెడకు చుట్టుకుంది.

శనివారం ఉదయం ఏడింటికి మంచిర్యాల బస్సెక్కాం. ఈ దారిన పోయేవాళ్లకు ఒక సలహా: గోదావరిఖని దాటేదాకా కిటికీ పక్కన కూర్చోకండి. బొగ్గు లారీల వెనక తెల్లచొక్కా తెల్లగా మిగలదు. పీటర్ గారు మాత్రం కిటికీ సీటే కావాలన్నారు.

ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "గీ దొర ఏం పనికొచ్చిండు?" అని అడిగాడు. చెప్పాను.

"గంత దూరంకెల్లి పండుకునుడు నేర్పేటందుకు వచ్చిండా?" అని దిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

మంచిర్యాలలో ఇడ్లీ తిని, లాడ్జిలో సంచులు పడేసి, ఆటోలో బెల్లంపల్లి చేరాం. చర్చి హాలు చుట్టుపక్కల ఊళ్ల పాస్టర్లతో నిండిపోయింది. పీటర్ గారు తెర మీద సరస్సు బొమ్మ చూపిస్తూ, గొంతు తగ్గించి మాట్లాడసాగారు. కాసేపటికే సగం మంది గురక పెట్టారు. ఆయన చిన్నబుచ్చుకున్నారు. "మీరు చెప్పిందే చేస్తున్నారు కదా" అన్నాను.

ఫోను మోగుతూ ఉండటంతో ఏలియా పాస్టరుకు మాత్రం నిద్రపట్టలేదు. ఆయనకు నాలుగు ఊళ్లలో నాలుగు చర్చి సంఘాలు, ఒకటే పాత బైకు. ఈమధ్యే బైకు మీద కునికి కాలువలో పడ్డాడు. నుదుటి మీద కట్టు ఇంకా ఉంది. వారానికో రోజు పూర్తిగా సెలవు తీసుకోవాలని పీటర్ గారు అనగానే లేచి నిలబడ్డాడు.

"మంచిగనే ఉన్నది సార్. గా దినం మా సంఘంల ఎవ్వలు సావద్దని ఎవలికి చెప్పాలె?"

అనువదించాను. పీటర్ గారు మళ్లీ సరస్సు బొమ్మే పెట్టారు.

అంతలో మళ్లీ ఫోను. నస్పూర్‌లో, బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన ఒకాయన చనిపోయాడు, సమాధి ఆ మధ్యాహ్నమే. ఏలియా జేబులోంచి బైకు తాళంచెవి తీశాడు. ఆయన భార్య శాంతమ్మ వచ్చి దాన్ని లాక్కుంది.

"గిట్లనే తిరిగితే రేపు నిన్ను బొందపెడుతరు. ఇంటికి పోయి పండుకో."

"మరెవలు పోవాలె? లచ్చయ్య పోతే గా ఇంటోళ్లను తన సంఘంలకు తోలుకపోతడు."

పక్కనే ఉన్న లచ్చయ్య పాస్టరు, "నేనేమన్న గొర్ల దొంగనా?" అని లేచాడు. సరస్సు బొమ్మ కింద లొల్లి మొదలైంది.

శాంతమ్మ ఏలియా ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "దొరకు ఈడ సంఘం లేదు గద. మీరిద్దరు పోయిరాండ్రి సార్."

నస్పూర్‌లో శవపేటిక ముందు పీటర్ గారు శాశ్వత విశ్రాంతి గురించి మొదలుపెట్టారు. చనిపోయినాయన భార్య ఆపింది. "మాటలు చాలయ్య. జర పాట పాడుండ్రి."

నేనే పాడాల్సి వచ్చింది. వీధిలో కుక్కలు కూడా అందుకున్నాయి. పీటర్ గారు మాటలన్నీ మానేసి ఆ ముసలమ్మ చేయి పట్టుకున్నారు. ఆమె ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన కూడా ఏడ్చారు. అనువదించడానికి నాకేం మిగల్లేదు.

తర్వాత ఏలియా ఫోను మోగినప్పుడల్లా ఒక ఇంటికి వెళ్లాం: జ్వరమొచ్చిన పిల్ల, గృహప్రవేశం, తాగొచ్చిన మొగుడు. ప్రార్థన చేస్తుంటే మొగుడే నిద్రపోయాడు. సాయంత్రానికి పీటర్ గారు టీకొట్టు బల్ల మీద కూలబడ్డారు. "ఏలియాకు రోజూ ఇంతేనా?" అన్నారు. జవాబు చెప్పడానికి కూడా ఓపిక లేక తలూపాను.

ఆదివారం ఆరాధనలయ్యాక అందరూ మళ్లీ కూడారు. ఏలియా ఫోను ఆయనకు తిరిగిచ్చేశాను. పీటర్ గారు తెర జోలికి పోలేదు. ఏలియానూ లచ్చయ్యనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి సెలవు రోజున ఇంకొకరు ఫోనెత్తాలన్నారు. ఏలియా ఫోనును జేబులోకి తోసుకున్నాడు.

"అన్నా, నా మందలనే బగ్గ లొల్లిగాళ్లున్నరు. నీ గొర్లు నాకెందుకే?" అన్నాడు లచ్చయ్య.

హాలంతా నవ్వింది. చివరికి ఏలియా ఫోను తీసి ఇచ్చాడుగానీ, వెంటనే వదల్లేకపోయాడు. లచ్చయ్య లాగలేదు. చేయి చాపుకుని, ఏలియా వేళ్లు వదులయ్యేదాకా కూర్చున్నాడు.

ఏలియా మొదటి సెలవు సోమవారమే. తిరుగు బస్సులో, పెద్దపల్లి దగ్గర, ఆయన నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తింది లచ్చయ్య. రొప్పుతున్నాడు.

"ఏలియన్న ఇంకా లేవలే సార్. నేను మళ్ల చేస్త, ఇంకో ఇంటికి పోతున్న. గీయన ఇన్నొద్దులు ఎట్ల బతికిండు సార్?"

పీటర్ గారికి చెబితే కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. సముద్రాలు దాటొచ్చి మేం చేసిందల్లా ఒక ఫోనును చేతులు మార్పించడం. అంత ప్రయాణానికి అది చాలనే అనిపించింది.