నాలుగున్నర శ్రుతి

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ముప్ఫయ్యేళ్లు స్టేజీ మీద రాజు వేషాలు వేసినవాణ్ణి. రాజులనే నమ్మను, దయ్యాలనేం నమ్ముతాను?

మా బందరు వైపు పద్యనాటకంలో రాజు సరాసరి రాడు. ముందు తెర వెనక నుంచి రాగం ఎత్తుకుంటాడు. జనం ఆ గొంతుకే ఈలలు వేస్తారు. మనిషి ఆనక వస్తాడు. నేను పటికబెల్లం ముక్క చప్పరించి నాలుగున్నర శ్రుతిలో ఎత్తుకునేవాణ్ణి. గుడివాడలో పాడితే గుడ్లవల్లేరులో గేదెలు తలెత్తేవని మా హార్మోనిస్టు వెంకటరత్నం గారు అనేవారు. పొగడ్తే అనుకున్నాను.

తర్వాత గొంతుకి ఆపరేషన్ అయింది. మాట మిగిలింది, పాట పోయింది. పాడలేనివాడు ఏం చేస్తాడు? దర్శకుడవుతాడు.

దర్శకుడిగా నా మొదటి నాటకం నిరుడు మోపిదేవి దగ్గర ఓ ఊళ్లో. రాజు వేషం శివాజీది. ఇంజనీరింగ్ చదివి, పద్యం కోసం నా దగ్గర చేరాడు. ఈ ఆట దెబ్బతింటే నాటక సమాజం మూసేద్దామని మావాళ్లు ముందే చెప్పేశారు. నాకు వేరే పని రాదు.

నేను ముందు వరసలో సర్పంచి గారి పక్కన కూర్చున్నాను. రాజు ప్రవేశం. హార్మోనియం మోగింది. తెర వెనక చప్పుడు లేదు. మళ్లీ మోగింది.

అప్పుడు రాగం లేచింది. ఒకటే ఈలలు.

"కుర్రాడు అచ్చం మీలాగే పాడుతున్నాడండీ" అన్నారు సర్పంచి గారు.

పై స్థాయిలో గొంతు కాస్త విరిగి మళ్లీ అతుక్కుంది. ఆ విరుపు నాది. ఎవరికీ నేర్పలేదు.

ఆట గట్టెక్కింది. లోపలికి వెళ్తే శివాజీ కాళ్ల మీద పడ్డాడు.

"గొంతు పట్టేసింది గురువుగారూ. మీరు అందుకోకపోతే పరువు పోయేదండీ. అది విన్నాకే నాకు ధైర్యం వచ్చింది."

"నేను బయట కూర్చున్నానురా."

"భలేవారే! నా పక్కనే వినపడితేనూ."

వెంకటరత్నం గారు హార్మోనియం మూస్తూ అన్నారు: "వీడిది మూడు శ్రుతి. ఆ గొంతు విని నేను మార్చి వాయించింది నాలుగున్నర. మళ్లీ పాడటం ఎప్పుడు మొదలెట్టారు బావగారూ? మాటవరసకైనా చెప్పలేదు."

ఆ రాత్రి ఇంట్లో ప్రయత్నించాను. కప్ప కూడా సిగ్గుపడే శబ్దం వచ్చింది.

ఇప్పుడు ప్రతి ఆటకీ తెర వెనక ఒక పటికబెల్లం ముక్క పెడుతున్నాను. నమ్మకంతో కాదు. ఆట అయ్యాక అది అక్కడ ఉండదు. చీమలై ఉంటాయి.

ఆ రాగం మాత్రం మళ్లీ రాలేదు. అదేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. శివాజీ బాగానే పాడుతున్నాడు. రాజు ప్రవేశానికి ముందు, ముందు వరసలో కూర్చుని, వాడి గొంతు లేవడం ఒక్క క్షణం ఆలస్యమైతే బాగుండునని అనుకుంటూ ఉంటాను.