ఆగమన్నచోట ఆగుతాను

రిజిస్ట్రారు గారు పోయారన్న కబురు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో, ఏసీ మెకానిక్ రేపు వస్తాడన్న మెసేజ్ కింద వచ్చింది. రిటైరయ్యాక ఆయన చింతలపూడిలో కూతురి దగ్గర ఉంటున్నారు. పొద్దున్నే కాఫీ తాగి పేపరు పట్టుకుని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదట. పది నిమిషాల్లో గ్రూపంతా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలతో నిండిపోయింది. నేనూ ఒకటి పెట్టాను. ఆయనకు నేనివ్వాల్సిన కాగితం ఒకటి మా ఇంట్లో బీరువాలో ఉంది. అది అప్పుడే గుర్తొచ్చిందంటే అబద్ధమవుతుంది. దాన్ని మరచిపోయిన రోజు నాకు లేదు.

మాది ముసునూరు వెళ్ళే దారిలో మామిడితోటల మధ్య ఉన్న చిన్న ప్రైవేటు యూనివర్సిటీ. పేరెందుకు లెండి. ఆయన దగ్గర నేను సూపరింటెండెంటుని. ఆయన్ని ఎరిగినవాళ్ళందరికీ ముందు గుర్తొచ్చేది ఒక అలవాటు. విద్యార్థి తల్లో తండ్రో ఏదైనా సంతకం కోసం వస్తే ముందు కుర్చీ వేయించేవారు. కళ్ళజోడు తుడుచుకుని, ఆ ఇంగ్లీషు కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చదివి చెప్పేవారు. "నేను చదువుతాను, మీరు వినండి. ఆగమన్నచోట ఆగుతాను" అనేవారు. తోటపనికి వెళ్ళే మనుషులు ఆ కుర్చీలో పూర్తిగా కూర్చోలేక అంచు మీద కూర్చునేవాళ్ళు. బయట జనం పెరిగిపోయేవారు. మేం లోపల్లోపల విసుక్కునేవాళ్ళం. పిల్లకి ర్యాంకు రావడం సగమేనండీ, వాళ్ళ నాన్న ఈ గదిలో కూర్చుని నన్ను ఆపి అడగడం మిగతా సగం, అనేవారాయన.

మొదట్లో ఆయన అలా ఉండేవారు కాదు.

అప్పట్లో దుర్గ అని ఒక అమ్మాయి మా దగ్గర చదివేది. వాళ్ళ నాన్న మామిడితోటల్లో కాయలు కోసేవాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటింది తనే. క్లాసులో ఎప్పుడూ మొదటి వరసలోనే ఉండేది. ఒక ఏడాది వార్షికోత్సవానికి తనే రాసి ఒక హాస్యనాటిక వేయించింది. అందులో ఒక రిజిస్ట్రారు, ఆయన పక్కన ఒక గుమాస్తా. గుమాస్తా ఏది ముందు పెట్టి "ఇక్కడండీ" అని వేలు చూపిస్తే రిజిస్ట్రారు దాని మీద సంతకం పెట్టేస్తాడు. మామిడాకు పెడితే ఆకు మీద, ప్యూను వంగుని నిలబడితే వాడి చొక్కా వీపు మీద. హాలు హాలంతా పడీపడీ నవ్వింది. "ఇక్కడండీ" అన్నది నా మాటే. అచ్చం నా గొంతులాగే అనిపించారు కూడా. రిజిస్ట్రారు గారు మధ్యలో లేచి వెళ్ళిపోయారు.

మర్నాడే దుర్గను ఇంటికి పంపేశారు. తండ్రి వచ్చి క్షమాపణ పత్రం ఇస్తే తిరిగి రానిస్తామన్నారు. అప్పుడు కోతల కాలం. ఆయన ఒక పూట పని మానుకుని, భుజాన కండువా సర్దుకుంటూ వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు. నా సొరుగులో రెండు రకాల ఇంగ్లీషు ఫారాలు ఉండేవి. ఒకటి క్షమాపణకి, ఇంకొకటి నా ఇష్టపూర్వకంగా మా అమ్మాయి చదువు మానిపిస్తున్నాను, టీసీ ఇప్పించండి, అని. రెండోది తీసి, ఖాళీలు నా చేత్తో నింపి, ఆయన చేత ఎడమ బొటనవేలి ముద్ర వేయించి, రిజిస్ట్రారు గారి ముందు పెట్టాను. "ఇక్కడండీ" అన్నాను. ఆయన చదవకుండా పచ్చ సిరాతో సంతకం పెట్టేశారు.

పొరపాటేనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ హాలు నవ్వు అప్పటికింకా నా చెవుల్లోనే ఉంది. అంతకంటే నిజం నాకు తెలియదు.

టీసీ పోస్టులో వెళ్ళాక, క్షమాపణ అడిగితే టీసీ పంపారేంటి సార్, అని దుర్గ ఉత్తరం రాసింది. ఆయన ఫైలు తెప్పించమన్నారు. ఆ ఫారం తీసి దాచేసి మిగతా ఫైలు ఇచ్చాను. కాగితం కనబడటం లేదండీ అన్నాను. ఆయన యాజమాన్యం దగ్గరికి వెళ్ళి బతిమాలారు. తండ్రే అడిగి తీసుకెళ్ళాడు కదా, అని వాళ్ళు కొట్టిపారేశారు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని దుర్గ వాళ్ళ నాన్న పనిచేసే తోటకి వెళ్ళారు. తప్పు మాదేనని, మీతో వేరే కాగితం మీద వేలిముద్ర వేయించామని చెప్పారు. తండ్రి నమ్మలేదు.

"మీ ఎదురుగానే క్షమాపణ కాగితం మీద వేశాను కదండీ. అంతటివారు వచ్చి తప్పు మీ మీద వేసుకుంటున్నారు. దీని నోరే దీని చదువు తినేసిందండీ" అన్నాడు. ఆ రోజు నుంచి కూతుర్ని పేరు పెట్టి పిలవడం మానేశాడట.

తిరిగొస్తూ కారులో రిజిస్ట్రారు గారు, "పిల్లలు నవ్వింది నన్ను చూసి కాదండీ, నా సంతకాన్ని చూసి. అది అర్థం కావడానికి నాకు ఒక పిల్ల చదువు ఖర్చయింది" అన్నారు.

చదివి వినిపించడం ఆ మర్నాటి నుంచి మొదలుపెట్టారు. నాటికలకు ముందు వరసలో కూర్చునేవారు, చివరిదాకా లేచేవారు కాదు. ఆయన చదివే తీరును కూడా పిల్లలు వెక్కిరించారు, నవ్వారు. ఉద్యోగాలు వచ్చినవాళ్ళ ఫొటోలతో గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టినప్పుడల్లా, దీంట్లో ఒక ఖాళీ ఉందండీ, అనేవారు నాతో. ఏటా మామిడి కోతలు మొదలయ్యాక ఒకసారి, ఆ కాగితం దొరికిందా, అని అడిగేవారు. లేదండీ అనేవాణ్ణి. రిటైరైన రోజు మాత్రం అడగలేదు. నా చెయ్యి పట్టుకుని, "దొరికితే నాకివ్వక్కర్లేదండీ. ఆయన్ని కూర్చోబెట్టి చదివి వినిపించండి" అన్నారు.

ఆయనకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. ఒక్క మాట బయటపెడితే నా ఉద్యోగం ఉండేది కాదు. పెట్టలేదు. ఆయన వల్లే నా ఇల్లు నిలబడింది. ఆ రుణానికి నేను చేసింది ఇంకొన్నేళ్ళు దాచడమే.

వచ్చే నెల నా రిటైర్మెంట్. ఇక పోయేదేమీ లేదు కాబట్టి వచ్చిన ధైర్యమే ఇది, గొప్పేమీ కాదు. ఆయన పెద్దకర్మ అయిన మర్నాడు కాగితం జేబులో పెట్టుకుని ముసునూరు రోడ్డులో ఉన్న మామిడికాయల షెడ్డుకి వెళ్ళాను. దుర్గ అక్కడే కాయలు ఏరి ట్రేలకెత్తిస్తుంది. తండ్రి ముసలివాడైపోయాడు, ఓ మూల కూర్చుని మచ్చకాయలు వేరుచేస్తున్నాడు. జరిగిందంతా దుర్గకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కాగితం తీసుకుని ఒక్కసారి పైనుంచి కిందికి చూసి నా చేతికిచ్చేసింది.

"నాకెందుకండీ, నాకు ఇంగ్లీషు వచ్చు. మా నాన్నకి చదవండి" అని అటు తిరిగింది.

నన్ను చూసి ఆయన లేచి నిలబడ్డాడు, ఆ రోజు గుమ్మం పక్కన నిలబడ్డట్టే. భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. నేనూ ఒక ట్రే బోర్లించుకుని ఎదురుగా కూర్చున్నాను. మీరు వేలిముద్ర వేసిన కాగితం ఇదేనండీ, అని చూపించాను. "నేను చదువుతాను, మీరు వినండి. ఆగమన్నచోట ఆగుతాను" అన్నాను. గొంతు నాదే గాని మాట రిజిస్ట్రారు గారిది.

"నా ఇష్టపూర్వకంగా మా అమ్మాయి చదువు మానిపిస్తున్నాను" అని చదివాను.

"ఆగండి" అన్నాడు.

ఆగాను. మళ్ళీ చదవమని ఆయన అనలేదు. దుర్గ అటు తిరిగి కాయలు ఏరుతూనే ఉంది. ఆయన ఆమె వైపు చూసి పిలవబోయినట్టు నోరు తెరిచాడు, పిలవలేదు. ఎడమ బొటనవేలిని కండువాకేసి తుడవడం మొదలుపెట్టాడు. మామిడి సొనకి ఎప్పుడో నల్లబడిపోయిన వేలది. నేను లేచి వచ్చేసేటప్పటికీ ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.